పిట్టలకి లెక్కలు రావు

కొరియర్ అతను గేటు చప్పుడు చేసి "ఇంట్లో ఎవరైనా ఉన్నారా అండీ?" అని అడిగితే, వంటింటి కిటికీలోంచి "ఎవరూ లేరండీ" అని చెప్పింది నేనే. చేతులు రెండూ ఇడ్లీ పిండిలో ఉన్నాయి. శనివారం మధ్యాహ్నం బడి నుంచి వచ్చి చీరైనా మార్చుకోకుండా పిండి కలుపుతున్నాను. అతను ఒక్క క్షణం కిటికీ వైపు అయోమయంగా చూసి, "సరేనమ్మా, సోమవారం వస్తాను" అని చేతిలోని పెట్టె మళ్ళీ బండి మీద పెట్టుకుని వెళ్ళిపోయాడు. మా ఆయన మూడు వారాలుగా కళ్ళు కాయలు కాసేలా ఎదురు చూస్తున్న, కెమెరా బిగించే ట్రైపాడ్ తలకాయ అందులో ఉందని నాకు తెలియదు. తెలిసినా అదే చెప్పేదాన్నేమో. మామగారూ ఆయనా కొట్టుకి వెళ్ళాక ఆ ప్రశ్న ఎవరు అడిగినా నా నోట ఇంకో జవాబు రాదు. లోపల అత్తగారు, నేను, మా అమ్మాయి ధనశ్రీ, ముగ్గురం ఉన్నా సరే, ఎవరూ లేరనే అంటాను.

సాయంత్రం ఆయన కొట్టు నుంచి వచ్చి, ఫోన్లో మెసేజ్ చూసుకుని ఎగిరిపడ్డాడు.

"ఎవరూ లేరని చెప్పేరంట. ఎవరు చెప్పేరే?"

"నేనే."

"ఇంట్లో ఉండి ఇంట్లో ఎవరూ లేరని ఎలా చెప్పేవు? బళ్ళో లెక్కలు చెప్తావు, ఇంట్లో ఎంతమంది ఉన్నారో తెలీదా?"

అత్తగారు చిక్కుడుకాయలు తుంచుతూ అడ్డొచ్చింది. నన్ను వెనకేసుకురావడం ఆవిడకి అలవాటు లేదు కాబట్టి నేనూ చెవులు రిక్కించాను. "మీ నాన్న లేరు, నువ్వు లేవు. ఎవరూ లేరనక ఏటంటదిరా? నేనూ నలభై ఏళ్ళ నుంచి అలాగే అంటన్నాను," అంది. మా ఆయనకి ఆ మాట సబబుగానే తోచినట్టుంది, తల తిప్పేసుకున్నాడు. ఆయన బాధంతా పెట్టె వెనక్కి వెళ్ళినందుకే. నా జవాబులో తప్పేమిటో ఆ ఇంట్లో ఎవరికీ పట్టలేదు. నాకూ అంతకు ముందు పట్టలేదు, నిజం చెప్పాలంటే.

మా ఆయన పేరు త్రినాధరావు. అనకాపల్లి మార్కెట్లో బెల్లం కొట్టు. బెల్లం వర్తకుడికి షుగర్ రావడం మా వీధిలో నాలుగు రోజులు నవ్వుకునే విషయమైంది. పొద్దున్నే నడవమన్నాడు డాక్టరు. ఆ నడకలో దేవీప్రసాద్ గారనే స్నేహితుడు చేతికి కెమెరా ఇచ్చి ఒక పిట్టని చూపించాడు. అయిదేళ్ళయింది, నడక మానేశాడు, కెమెరా మానలేదు. ఇప్పుడు వాళ్ళది పదకొండు మంది మగవాళ్ళ గ్రూపు. ఆదివారం వస్తే ఎస్. రాయవరం వైపో, నక్కపల్లి వైపో ఏదో ఒక చెరువు, ఏటి గట్టు. అందరూ కలిసి వెళ్తే అందరికీ టిఫిను మా ఇంటి నుంచే. ఆయన ఒక్కడే గుడారం వేసుకుని కూర్చునే రోజైతే టిఫినూ నేనూ. దానికి ఆయన పెట్టిన పేరు ఫ్యామిలీ ట్రిప్. మా స్టాఫ్ రూములో ఆ ఫొటోలు చూసి "ఎంత అదృష్టం మేడమ్, ప్రతి ఆదివారం తిప్పుతారు," అంటారు. నా పేరు బాలాత్రిపురసుందరి. అంత పేరూ పలికే ఓపిక ఎవరికీ లేదు, బళ్ళో పిల్లలు బీటీఎస్ మేడమ్ అని పిలిచి వాళ్ళలో వాళ్ళు నవ్వుకుంటారు. నిజానికి నన్ను ఒక పేరుతో పిలిచేది వాళ్ళే. ఇంట్లో "ఏమే" సరిపోతుంది.

ఆ గుడారం సంగతి చెప్పాలి. గడ్డి రంగు గుడ్డతో చిన్నది, మనిషి స్టూలు వేసుకుని కూర్చుంటే తల తగులుతుంది. ముందు వైపు కెమెరా గొట్టం పట్టే కన్నం. దాన్ని వాళ్ళు హైడ్ అంటారు. అందులోకి మనిషి వెళ్ళడం పిట్ట చూసిందంటే ఇక దగ్గరకి రాదు, మనిషి బయటికి వచ్చేదాకా దూరంగా కూర్చుని చూస్తూనే ఉంటుంది. దానికో కిటుకు ఉందని ఆయన మొదటిసారి నన్ను తీసుకెళ్ళిన రోజు కారులో ఉత్సాహంగా చెప్పాడు. "పిట్టలకి లెక్కలు రావే. ఇద్దరం లోపలికి వెళ్తాం. ఒకరు బయటికొచ్చి వెళ్ళిపోతే చాలు, ఇంక లోపల ఎవరూ లేరనుకుంటాయి." రెండులోంచి ఒకటి తీసేస్తే సున్నా. ఏళ్ళుగా లెక్కలు చెప్తున్న నాకు అది భలే తమాషాగా అనిపించి నవ్వాను కూడా. ఆ బయటికొచ్చే ఒకరు ఎవరో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆయనకి ఆకుల బొమ్మలున్న ప్యాంటు, చొక్కా, టోపీ. నాకు మాత్రం ఎర్ర చుడీదారు వేసుకోమంటాడు, లేదా పసుపుపచ్చది. నేను వెళ్ళిపోవడం పిట్టకి బాగా కనబడాలి. మెల్లగా నడవాలి. తిరిగి చూడకూడదు, చూస్తే దానికి అనుమానం వస్తుందట. గట్టు దిగి, చెరుకు తోట పక్క నుంచి కనుమరుగై, రోడ్డు మీద కారు దగ్గర ఆగాలి. మూడు గంటలో, నాలుగో. ఏసీ వేస్తే బ్యాటరీ దిగుతుందన్నాడు ఒకసారి, అప్పటి నుంచి కారు బయటే నిలబడతాను. ఆయన ఫోను చేస్తే మళ్ళీ వెళ్ళి ఆయన్ని బయటికి తీసుకురావాలి, లేకపోతే ఎవరూ లేని గుడారంలోంచి మనిషి ఊడిపడితే పిట్ట బెదిరిపోతుంది. ఆ మూడు గంటల్లో పరీక్ష పేపర్లు దిద్దుకుంటాను. దిద్దుతూ నిద్రపోయి, ఒక పిల్లాడికి వందకి నూట నాలుగు వేసినందుకు హెడ్‌మాస్టరు అందరి ముందూ చివాట్లు పెట్టాడు.

ఆదివారం సాయంత్రం అసలు పని మొదలవుతుంది. ఒక్క పూటలో ఆయన రెండు వేలకి తక్కువ కాకుండా నొక్కుతాడు. అవన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, మసకబారినవి, తోక తెగినవి, కొమ్మ అడ్డొచ్చినవి తీసేసి, పాతికో ముప్పయ్యో మిగల్చాలి. మొదట్లో "కొంచెం సాయం చేద్దూ" అన్నాడు. తరవాత "నీకు చెయ్యి తిరిగింది కదా" అన్నాడు. ఇప్పుడు ఏమీ అనడు, కార్డు తీసి మిక్సీ పక్కన పెట్టి వెళ్తాడు. "పిట్ట ఏదో ఒకటి చేస్తన్నవే ఉంచు, ఊరికే కూర్చున్నవి తీసెయ్," అన్నది ఒక్కటే ఆయన నేర్పిన పాఠం. ఆ లెక్కన కొన్ని వేల పిట్టలు నా చేతి కింద పోయాయి.

కానీ అన్ని వేలు చూస్తే కన్ను ఊరుకోదు. ఈ రెండు నెలలుగా ఆయన వెంటపడుతున్నది నలుపూ తెలుపూ లకుముకి. ఎస్. రాయవరం దాటాక ఏటి గట్టుకి కన్నం పెట్టి పిల్లల్ని పెట్టింది. ఫొటోల్లో ఒకటి గమనించాను. తను మింగడానికైతే చేప తల తన గొంతు వైపు పెట్టుకుంటుంది. ఇంకొకరికి పెట్టడానికైతే తోక పట్టుకుని తల బయటికి ఉంచుతుంది, తినేవాళ్ళకి పొలుసు గుచ్చుకోకుండా. మూడు వారాల ఫొటోలు మళ్ళీ తీసి చూసి రూఢి చేసుకుని, భోజనం దగ్గర చెప్పాను. "నీ మొహం," అన్నాడు. పదిహేను రోజుల తరవాత మా వరండాలో గ్రూపంతా కాఫీలు తాగుతుంటే అదే మాట ఆయన నోట విన్నాను. "మన త్రినాధ బావ కన్ను సామాన్యమైంది కాదు," అన్నారు దేవీప్రసాద్ గారు. ట్రే పట్టుకుని అక్కడే ఉన్నాను. మా ఆయన నా వైపు చూడను కూడా లేదు. మరిచిపోయి ఉంటాడు, అది తన మాటే అనుకుని ఉంటాడు. ఆ మరుపు మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

ఫొటోల్లో నాకు దొరకనిది ఒకటుంది. ఒక ఫొటోలో పిట్ట చేపతో కొమ్మ మీద ఉంటుంది. తరవాతి ఫొటోలో కన్నంలోకి దూరుతూ ఉంటుంది. ఆ రెండింటి మధ్య నాలుగు నిమిషాలో అయిదు నిమిషాలో తేడా, అంకెలు అక్కడే కనిపిస్తాయి. మధ్యలో ఏం చేస్తుంది? నోట్లో చేప ఉంది, లోపల పిల్లలు ఆకలితో ఉన్నాయి, మరి ఎందుకు ఆగుతుంది? ఒక్కసారి కళ్ళతో చూడాలనిపించింది. ఒక్క పూట గుడారంలో కూర్చుంటానని జనవరిలో అడిగాను. "నీ వల్ల కాదే, దానికి ఓపిక ఉండాలి," అన్నాడు. నన్ను. ఫిబ్రవరిలో మళ్ళీ అడిగితే "ఇంట్లో ఫొటోలు చూస్తన్నావు కదా, ఇంకేటి కావాలి?" అన్నాడు. మూడోసారి అడగలేదు. అడగకపోయినా ఆ కోరిక పోలేదు, చపాతీలు ఒత్తుతున్నప్పుడూ బోర్డు తుడుస్తున్నప్పుడూ వచ్చి నిలబడేది. ఇంత చిన్న కోరిక తీరకపోతే మనిషికి ఇంత బరువుగా ఉంటుందని నాకు తెలియదు.

కిందటి ఆదివారం కారు దగ్గర నిలబడి ఉంటే తలుపులమ్మ వచ్చింది. ఆ గట్టు పక్క చెరుకు తోట వాళ్ళది. నెత్తి మీద చెరుకు ఆకుల మోపు దించి, నా పక్కన కూలబడి, గుడారం వైపు చెయ్యి చూపించింది.

"మీ బాబుగోరు ఆ గుడ్డలో కూకుని ఏటి సేత్తారమ్మా?"

"పిట్టని చూస్తారు. ఫొటోలు తీస్తారు."

"మరి నువ్వు సూడవా?"

"నేను బయటికొచ్చేయాలి. అప్పుడే పిట్ట వస్తుంది." కిటుకంతా వివరంగా చెప్పాను. ఆమె శ్రద్ధగా వింది.

"అయితే నువ్వొచ్చేత్తే నోపల ఎవుళూ నేరనుకుంటాదన్నమాట," అంది. కాసేపు ఆలోచించి, "ఆయనొచ్చేసినా అలాగే అనుకుంటాది కదమ్మా, దానికి ఆడేటి, మగేటి," అంది. మోపు ఎత్తుకుని వెళ్ళిపోయింది.

పదిహేనేళ్ళ లెక్కల టీచర్ని, ఆ మాట నాకు తట్టలేదు. సిగ్గేసింది. వారమంతా అదే మాట నా వెంట తిరిగింది.

ఈ ఆదివారం మూడున్నరకి లేచాను. ఇడ్లీలు, చట్నీ, ఫ్లాస్కులో చక్కెర లేని టీ, మధ్యాహ్నానికి అత్తగారికి, మామగారికి, పిల్లకి వంట. అయిదింటికి కారెక్కాను. హైవే మీద దారి పొడుగునా ఆయన ట్రైపాడ్ తలకాయ గురించే. అది ఉంటే లెన్సు వెన్నలా తిరిగేదట, ఇవాళ మెడ పడిపోతుందట, పిల్లలు ఈ వారమో పై వారమో ఎగిరిపోతాయట, పిట్టల క్యాలెండరుకి ఫొటో పంపాల్సిన గడువు రేపేనట. "ఒక్క మాట. ఒక్క మాట సరిగ్గా చెప్పి ఉంటే," అన్నాడు. నేను కిటికీలోంచి బెల్లం వండే పాకల పొగ చూస్తూ కూర్చున్నాను.

తెల్లవారుతుండగా గట్టెక్కాం. ఎప్పటిలాగే స్టూలు పట్టుకుని ముందు నేను దూరాను, వెనక కెమెరాతో ఆయన. ఆయన కన్నంలోంచి లెన్సు సర్దుకుంటుంటే, స్టూలు వేసి దాని మీద నేను కూర్చున్నాను. ఏదో తెగించి కూర్చున్నానని ఇప్పుడు చెప్పుకోవచ్చు గానీ అది అబద్ధం. నడుం నొప్పి పుట్టి, ఒక్క క్షణం ఆనుకుందామని కూర్చున్నాను. కూర్చున్నాక లేవబుద్ధి కాలేదు.

"లే, వేగిరం. వెలుగొచ్చేస్తంది."

"ఇవాళ మీరెళ్ళండి," అన్నాను.

"ఏటి?"

"ఇద్దరిలో ఒకరు వెళ్తే చాలు కదా. మీరెళ్ళండి. నేను కూర్చుంటాను."

ఆయన నోరు తెరిచాడు. ఆ నోరు తెరవడం నాకు బాగా తెలుసు, దాని తరవాత వచ్చే కేక వీధి చివరికి వినిపిస్తుంది. కానీ కేక రాలేదు. ఎదురుగా పాతిక అడుగుల్లో పిట్ట కన్నం, లోపల పిల్లలు, పైన తీగ మీద లకుముకి ఇటే చూస్తోంది. ఆయన గొంతు నొక్కుకుని గుసగుసగా అన్నాడు, "మతి పోయిందేటే నీకు? ఇవాళే ఆఖరు."

"అందుకే అడుగుతున్నాను."

"ఫొటోలు ఎవరు తీస్తారు?"

"కెమెరా ఉంచి వెళ్ళండి. నొక్కడం నాకు తెలుసు."

"ఇంటికెళ్ళేక చెప్తాను నీ సంగతి."

అదీ గుసగుసే. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఆయన నాతో ఇంత మెల్లగా మాట్లాడిన రోజు లేదు. ఆ గుడ్డ గుడారంలో ఆయన గొంతు పెంచలేడన్న సంగతి ఆ క్షణాన తెలిసింది నాకు. ఇన్నాళ్ళూ అక్కడి నుంచి మెల్లగా, తిరిగి చూడకుండా వెళ్ళిపోయాను. ఆయన ఇంకో రెండు మాటలు అన్నాడు, నేను స్టూలు మీంచి కదలలేదు. తూర్పున ఎరుపు తిరుగుతోంది. వాదించే కొద్దీ వెలుగు పోతుంది, పిట్ట పోతుంది. ఆయన వంగి బయటికి నడవబోతుంటే చొక్కా పట్టుకుని ఆపి, నా ఎర్ర చున్నీ తీసి ఆయన భుజాన వేశాను.

"ఆకుల చొక్కా కదా. దానికి కనబడాలి," అన్నాను.

నన్ను కాల్చేసేలా చూశాడు, కానీ చున్నీ తియ్యలేదు. పిట్ట అంటే ఆయనకి నిజంగానే ప్రాణం, అది కాదనలేను. గుడారం కన్నంలోంచి చూశాను. భుజాన ఎర్ర చున్నీతో మా ఆయన గట్టు మీద అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్తున్నాడు. రెండుసార్లు వెనక్కి తిరగబోయి ఆపుకున్నాడు. తోట చాటుకి వెళ్ళాక ఇంక కనబడలేదు.

పిట్ట నమ్మింది.

నేను ఒక్కదాన్నే ఉన్నాను. గుడ్డ లోపల పాత చెమట వాసన, దోమల మందు వాసన. ఎవరైనా పిలుస్తారని ఒళ్ళు కాసేపు ఎదురు చూసింది. ఎవరూ పిలవలేదు. నేనక్కడ ఉన్నానని ఆ ఏటికి, ఆ గట్టుకి, ఆ పిట్టకి తెలియదు. తెలిసిన ఒక్క మనిషీ పిలవడానికి వీల్లేదు. కుక్కరు లేదు, గంట లేదు, టీ అడిగేవాళ్ళు లేరు. ఏడుపొచ్చింది. దుఃఖంతో కాదు, బస్సులో చాలా దూరం నిలబడి వచ్చి సీటు దొరికితే వస్తుందే, అలాంటిది. శబ్దం రాకుండా ఏడ్వడం నాకు ఎలాగూ అలవాటే.

ఏడు దాటాక అది చేపతో వచ్చి ఎదుటి కొమ్మ మీద వాలింది. చేప తల బయటికి ఉంది. నా వేలు మీట మీద ఉంది, నొక్కాలనే అనుకున్నాను కూడా. కానీ ముందు చూద్దామనిపించింది. అది కన్నం వైపు చూసింది. ఒకసారి రెక్క దులుపుకుంది. తరవాత ఏమీ చెయ్యలేదు. చేప నోట్లో పెట్టుకుని, నీళ్ళ వైపు చూస్తూ, ఊరికే కూర్చుంది. లోపల పిల్లలు కీచు కీచుమంటూనే ఉన్నాయి, అది వింటూనే ఉంది, కూర్చునే ఉంది. నాలుగు నిమిషాలయ్యాక వెళ్ళి పెట్టింది. మళ్ళీ వేటకి పోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ కూర్చుంది. ఇంతేనా అనిపించింది. ఆ మధ్య నిమిషాల్లో దాచుకున్న రహస్యం ఏమీ లేదు. అలా ఊరికే కూర్చున్న ఫొటోలు అక్కడక్కడా ఆయన తీసే ఉంటాడు, పనికిరావని నా చేత్తో నేనే తీసేసి ఉంటాను. అది వచ్చినప్పుడల్లా చూశాను. మీట మీంచి వేలు ఎప్పుడు జారిపోయిందో కూడా గమనించలేదు.

తొమ్మిదిన్నరకి ఫోను ఒళ్ళో వణికింది. నేను ఫోను చెయ్యకుండానే ఆయనే వచ్చేస్తున్నాడు. గుడ్డ తొలగించుకుని లోపలికి దూరాడు. మొహం ఎండకి కందిపోయింది, చున్నీ తల మీదికి ఎక్కింది. పిట్ట అప్పుడే తీగ మీదికి చేరింది కాబట్టి గుసగుసగానే అడిగాడు.

"వచ్చిందా?"

"ఏడుసార్లు."

ఆత్రంగా కెమెరా లాక్కుని వెనక్కి తిప్పి చూశాడు. మీట నొక్కి, మళ్ళీ నొక్కి చూశాడు. కిందటి వారం ఫొటోలే వచ్చాయి.

"ఒక్కటీ లేదేటే? మూడు గంటల నుంచి ఏం చేసేవు?"

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. సెలవు రోజు సాయంత్రం కొట్టు నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ ఆయన అడిగేదే. అడిగిన ప్రతిసారీ తప్పు చేసినదానిలా గబగబా అప్పజెప్పేదాన్ని. బట్టలు నానబెట్టాను, పప్పు ఎండబోశాను, అత్తయ్యకి కాళ్ళు పట్టాను, పేపర్లు దిద్దాను. ఎంత చెప్పినా తక్కువగానే వినిపించేది. ఈసారి అప్పజెప్పడానికి నా దగ్గర ఒక్క పని కూడా లేదు.

"ఏమీ చెయ్యలేదండీ," అన్నాను. "ఊరికే కూర్చున్నాను. వచ్చే ఆదివారమూ కూర్చుంటాను."